కడుపుతో ఉన్నప్పుడు ఇల్లు మారాల్సి వస్తే

"సిస్టర్ గారూ, అమ్మాయికి అయిదో నెల. అల్లుడికి బదిలీ అయింది. ఈ సమయంలో ఇల్లు మారవచ్చా?" మా ఓ.పి.లో తల్లులు, అత్తగార్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. తొలి కాన్పు అయితే ఈ భయం మరీ ఎక్కువ.

మారవచ్చు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి ఒక ఇంటి నుండి మరో ఇంటికి వెళ్లినంత మాత్రాన కడుపులోని బిడ్డకు ఏమీ కాదు. అయితే ఇల్లు మారే హడావుడిలో గర్భిణికి అందుతున్న వైద్యం మధ్యలో తెగిపోతే ప్రమాదం వస్తుంది. పాత ఊరిలో ఆమెను ఎరిగిన ఏ.ఎన్.ఎం. ఉంటుంది, ఆశా కార్యకర్త ఉంటుంది. కొత్త ఊరిలో ఆమె గర్భిణి అన్న సంగతే ఎవరికీ తెలియదు. అక్కడివారు ఆమెను గుర్తించేలోపు జరగరానిది జరగవచ్చు. అందుకే ఈ నెల ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఎందుకు మారుతున్నారు?

ఉపాధ్యాయులకు, సింగరేణి ఉద్యోగులకు బదిలీలు ఉంటాయి. పామాయిల్ తోటల్లో, మిరప చేలల్లో పనికి వెళ్లేవారు పని ఉన్న చోటికి కాపురం మారుస్తారు. పెళ్లయిన ఏడాదికే వేరు కాపురం పెట్టే జంటలు కూడా ఎక్కువయ్యారు. పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల కుక్కునూరు, వేలేరుపాడు మండలాల నుండి ఎన్నో కుటుంబాలు జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం వైపు పునరావాస కాలనీలకు వెళ్లాయి. మన దమ్మపేట వారికి ఆ మండలాలలో బంధువులు ఉన్నారు. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అందువల్ల అత్తవారిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు మరో రాష్ట్రంలో ఉన్న కోడళ్లు మన దగ్గర చాలామంది.

పైగా మన ఆచారం ప్రకారం తొలి కాన్పుకు ఏడో నెలలో అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళతారు. అంటే కొత్త ఇంటికి ఒకసారి, పుట్టింటికి ఒకసారి, బిడ్డతో తిరిగి మరొకసారి, ఒక్క ఏడాదిలో మూడుసార్లు ఆమె చోటు మారుతుంది.

పెద్దల మాట

"కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఇల్లు కట్టకూడదు, మారకూడదు" అని పెద్దలు అంటారు. ఈ మాటను ఎగతాళి చేయవద్దు. ఇల్లు కట్టినా, మారినా బరువులు మోసేది, నీళ్లు తోడేది, ఇల్లు కడిగేది ఆ ఇంటి కోడలే. ఆ చాకిరి ఆమెకు తగ్గాలన్న జాగ్రత్త ఈ మాటలో ఉంది. ఆ జాగ్రత్తను పాటించండి. భయాన్ని మాత్రం వదిలేయండి. మారక తప్పని కుటుంబం "ఏమవుతుందో" అని కుమిలిపోవలసిన పని లేదు.

ఏ నెలలో మారితే మంచిది?

వీలుంటే నాలుగో నెల నుండి ఆరో నెల లోపు మారండి. మొదటి మూడు నెలల్లో వాంతులు, నీరసం ఉంటాయి. ఎనిమిదో నెల దాటాక నడుము నొప్పి, ఆయాసం పెరుగుతాయి. 36 వారాలు దాటాక దూర ప్రయాణం పెట్టుకోకండి. మాయ కిందికి ఉందని డాక్టరు చెప్పినవారు, రక్తస్రావం అయినవారు, కవలలు ఉన్నవారు, బి.పి. ఉన్నవారు డాక్టరును అడగకుండా ఎప్పుడూ బయలుదేరకూడదు.

సామాను బండిలో మూటల మీద గర్భిణిని కూర్చోబెట్టవద్దు. బైకు మీద గతుకుల రోడ్డున ఎక్కువ దూరం తీసుకువెళ్లవద్దు. కారులో అయితే సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద తొడల మీదుగా ఉండాలి. రెండు గంటలకు ఒకసారి దిగి నాలుగు అడుగులు వేయాలి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం గర్భిణులకు ఎక్కువ.

గోదావరి ఒడ్డు గ్రామాల వారికి ఒక మాట. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో నెలలు నిండే అమ్మాయిని జూన్ చివరికల్లా మిట్ట ప్రాంతంలో, ఆసుపత్రికి దారి తెగని ఊరిలో ఉంచండి. నీళ్లు వచ్చాక మారడం చాలా కష్టం.

ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు?

బట్టలు మడతపెట్టడం, ఏ డబ్బాలో ఏముందో రాసిపెట్టడం, కూర్చుని గిన్నెలు తుడవడం చేయవచ్చు. బీరువా, గ్యాసు బండ, బియ్యం బస్తా జరపడం, స్టూలు ఎక్కి అటక దులపడం, తడి నేల మీద బిందెలు మోయడం చేయకూడదు. కడుపు పెరిగే కొద్దీ ఒంటి తూకం మారుతుంది, తూలి పడడం తేలిక.

పాత గోడల రంగు గీకే పని గర్భిణి చేయకూడదు. ఆ ధూళిలో సీసం ఉండవచ్చు. కొత్త రంగు వేసిన గదిలో వాసన పోయేవరకు పడుకోకూడదు. పత్తి, మిరప మందుల డబ్బాలు, ఎలుకల మందు ఆమె చేత సర్దించవద్దు. ఆ డబ్బాలను వంట సామానుతో కలిపి తీసుకువెళ్లవద్దు.

చేతి సంచి

నా ముప్పై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో మరచిపోలేని సంగతి ఒకటి చెబుతాను. తొలి చూలు అమ్మాయి, బి.పి.కి మాత్రలు వాడుతోంది. ఇల్లు మారేటప్పుడు ఆమె కార్డు, మాత్రలు బట్టల ట్రంకుపెట్టెలో పెట్టారు. ఆ పెట్టె మూటల కింద పడిపోయింది. "అన్నీ సర్దుకున్నాక వెతుకుదాంలే" అనుకున్నారు. తొమ్మిదో రోజున విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ఆ రాత్రి గుర్రపువాతం. ఆసుపత్రికి వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. ఆమెకు ఎన్నో నెలో, రక్తం ఏ గ్రూపో వెంట వచ్చినవారు చెప్పలేకపోయారు. తల్లి బ్రతికింది. నెలలు నిండని ఆ బిడ్డ 1 కిలో 600 గ్రాములు. తల్లి గుండెల మీద ఆనించి ఉంచి వారాల తరబడి కాపాడుకున్నాము. ఆ కుటుంబం అమ్మాయిని ప్రేమగా చూసేవారే. లోపమల్లా, మందులను కూడా సామానుతో పాటు కట్టేయడమే.

కాబట్టి ఇంట్లో మొదటి మూట కట్టకముందే ఒక చేతి సంచి సిద్ధం చేయండి. అది బండి ఎక్కకూడదు, అమ్మాయి చేతిలోనే ఉండాలి. అందులో ఉండవలసినవి:

• తల్లీ బిడ్డల రక్షణ కార్డు. దాని మీద ఆర్.సి.హెచ్. నంబరు ఉంటుంది. ఏ రాష్ట్రానికి వెళ్లినా ఈ నంబరుతో వివరాలు కొనసాగించవచ్చు.
• స్కానింగు, రక్త పరీక్షల కాగితాలు. వాటి ఫోటోలు భర్త ఫోనులోను, తల్లి ఫోనులోను ఉంచండి.
• నెలకు సరిపడా మాత్రలు. నాలుగో నెల నుండి రోజుకు ఒక ఐరన్ మాత్ర, రెండు క్యాల్షియం మాత్రలు వాడాలి. ఐరన్, క్యాల్షియం కలిపి వేసుకోకూడదు. టీతో వేసుకోకూడదు.
• ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం.
• ఏడో నెల దాటితే బిడ్డకు శుభ్రమైన మెత్తటి బట్టలు, తల్లికి ఒక జత బట్టలు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

ఏడో నెల ముఖ్యమైన పరీక్షల సమయం. 24 నుండి 28 వారాల మధ్య గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చక్కెర పరీక్ష చేస్తారు. రక్తం శాతం మళ్లీ చూస్తారు. అది 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 7 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేరాలి. మంచి రోజు చూసుకుని ఇక్కడ బయలుదేరతారు. "అక్కడ చేయించుకుంటుందిలే" అని వీరు, "అక్కడ చేయించే ఉంటారులే" అని వారు అనుకుంటారు. ఆ పరీక్ష ఎక్కడా జరగదు.

ముఖ్యంగా తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే చాలా జాగ్రత్త. మన దేశంలో వందమందిలో అయిదారుగురికి ఇది ఉంటుంది. తండ్రిది పాజిటివ్ అయితే తల్లికి 28 వారాల దగ్గర యాంటీ-డి ఇంజెక్షను అవసరం. పుట్టిన బిడ్డది కూడా పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటల లోపు మళ్లీ ఇవ్వాలి. ఇది తప్పిపోతే తొలి బిడ్డ బాగానే ఉండవచ్చు, తర్వాతి గర్భంలోని బిడ్డకు ముప్పు వస్తుంది. 28 వారాలు అంటే సరిగ్గా అమ్మాయి పుట్టింటికి బయలుదేరే సమయమే.

అందువల్ల బయలుదేరే వారంలో ఒకసారి ఇక్కడ పరీక్ష చేయించుకోండి. పుట్టింటికి చేరిన వారంలో అక్కడి ఆసుపత్రిలో పేరు రాయించుకోండి. కాన్పు ఎక్కడ అన్నది రెండు కుటుంబాలు కూర్చుని ముందే తేల్చుకోండి. ఆపరేషను, రక్తం అవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా మాట్లాడుకోండి. రాష్ట్రం మారేవారు మరొకటి గమనించాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు రెండు రాష్ట్రాలలో వేరువేరుగా నడుస్తాయి. ఇక్కడి కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

కొత్త ఇంట్లో మొదటి వారం

మొదటి రాత్రి దోమతెర కట్టాకే పడుకోండి. మన అడవి ప్రాంతంలో మలేరియా ఉంది. గర్భిణికి మలేరియా వస్తే రక్తం పడిపోతుంది, గర్భం పోవచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వేయవద్దు. కొన్ని మలేరియా మందులు గర్భిణులకు పనికిరావు.

కొత్త ఊరి నీళ్లు మరిగించి చల్లార్చి తాగండి. కలుషితమైన నీటి వల్ల వచ్చే ఒక రకం పచ్చకామెర్లు మామూలు మనిషికి తగ్గిపోతాయి గాని, నెలలు నిండుతున్న గర్భిణికి ప్రాణం మీదికి వస్తాయి.

మొదటి వారంలోనే ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును కలవండి. పాత ఊరి అంగన్‌వాడీ నుండి పేరు మార్పించుకోండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు చేత ఉచిత పరీక్షలు జరుగుతాయి, 2016 నుండి ఈ ఏర్పాటు ఉంది. ఇరుగు పొరుగులో వాహనం ఉన్నవారి నంబరు, రక్తం ఇవ్వగల ఇద్దరి నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. సరిహద్దు ఊళ్లలో 108కి ఫోను చేస్తే కాల్ పక్క రాష్ట్రానికి వెళ్లవచ్చు. అందుకే ఊరు, మండలం, జిల్లా పేర్లు స్పష్టంగా చెప్పడం ఇంట్లో అందరికీ నేర్పండి.

మనసు సంగతి

పెళ్లి, వేరు కాపురం, గర్భం, కొత్త ఊరు, అన్నీ ఏడాదిలోనే వస్తే ఏ అమ్మాయికైనా బెంగగా ఉంటుంది. పగలంతా ఒంటరిగా ఉండి సాయంత్రానికి ఏడుస్తుంటే "ఇంత మంచి ఇంట్లో ఉండి ఏడుపేమిటి?" అని గద్దించవద్దు. పక్కింటి వదినను, సంఘంలోని స్త్రీలను పరిచయం చేయండి. రోజూ తల్లితో ఫోనులో మాట్లాడనివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోయినా, బ్రతకాలని లేదన్నా ఆలస్యం చేయకుండా తీసుకురండి. అది మందు, మాట సాయం కావలసిన జబ్బు. ఆమె తప్పు కాదు.

ఇవి కనిపిస్తే సామాను వదిలి బయలుదేరండి

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, జ్వరం, ఆగని కడుపునొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం. ఇల్లు మారిన అలసట అనుకుని తెల్లవారేదాకా ఆగవద్దు. ఏడో నెల దాటాక రోజూ బిడ్డ కదలికలు గమనించడం అమ్మాయి మరచిపోకూడదు. పని హడావుడిలో ఇదే ముందుగా మరుగునపడుతుంది.

భర్తలకు, అత్తగార్లకు

నాయనా, కొత్త ఇల్లు సర్దడానికి నెల పట్టినా ఫరవాలేదు. మంచం, దోమతెర, పొయ్యి, మరిగించిన నీళ్లు ఉంటే మొదటి వారం గడుస్తుంది. మిగిలిన మూటలు తర్వాత విప్పుకోవచ్చు. అత్తగారూ, ఆ వారం వంట మీరో, ఆడపడుచో చూసుకోండి. కోడలిని మధ్యాహ్నం రెండు గంటలు ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోనివ్వండి.

ఇల్లు మారబోయే కుటుంబాలు ఒక వారం ముందు మా ఓ.పి.కి రండి. బి.పి., రక్తం చూసి, కార్డులో అంతా నింపి, కొత్త ఊరిలో ఎవరిని కలవాలో రాసి ఇస్తాము. వచ్చేటప్పుడు పాత కాగితాలన్నీ తీసుకురండి.