మూడో రౌండ్‌లో పక్కనోడు: 1600 మీటర్లు ఒంటరిగా ఎందుకు పరిగెత్తకూడదు?

ఈ ఎపిసోడ్ ఆర్మీకి, నేవీకి, పోలీసుకి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. మొత్తం వినే టైం లేకపోతే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: ఒంటరిగా పరిగెత్తకండి. ఎందుకో చెప్తాను.

మా ఆటోనగర్‌లో పగలంతా గ్రైండర్ మోత, వెల్డింగ్ మెరుపులు. కానీ తెల్లారి ఐదింటికి రండి. షెడ్ల షట్టర్లు ఇంకా దించే ఉంటాయి. ఆ టైంలో రోడ్డు మీద నలుగురైదుగురు కుర్రాళ్లు పరిగెడుతూ కనిపిస్తారు. తర్వాత ఇంటికెళ్లి స్నానం చేసి డ్యూటీకి రావాలి. రాత్రికి కాళ్లు పీకేస్తుంటాయి. అయినా మర్నాడు మళ్లీ ఐదింటికి లేస్తారు. వాళ్లని లేపేది అలారం అనుకుంటున్నారా? కాదు. "ఒరే, కింద ఉన్నాం, రా" అని వచ్చే ఫోన్!

ముందు పరీక్ష ఏంటో చూద్దాం. ఆర్మీ అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు పూర్తి చేస్తే 60 మార్కులు. ఆ తర్వాత వచ్చినవాళ్లకి మార్కులు తగ్గుతాయి. పుల్ అప్స్ 10 తీస్తే 40 మార్కులు. 9 అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పాసైతే చాలు. నేవీ అగ్నివీర్‌కి అదే 1.6 కిలోమీటర్లు అబ్బాయిలు 6 నిమిషాల 30 సెకన్లలో, అమ్మాయిలు 8 నిమిషాల్లో చేయాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు లెక్క. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 5:30 అంటే 330 సెకన్లు. నాలుగుతో భాగిస్తే రౌండ్‌కి 82 సెకన్లన్నర. మరి మనోళ్లు ఏం చేస్తారు? విజిల్ పడగానే గుంపులో ముందుండాలని మొదటి రౌండ్ 70 సెకన్లలో లాగేస్తారు. అక్కడ మిగిల్చిన 12 సెకన్లు లాభం కాదు, అప్పు. ఒంటికి ఆక్సిజన్ సరిపోదు. మూడో రౌండ్‌లో తొడలు బరువెక్కుతాయి, ఊపిరి అందదు. అప్పుడే "వచ్చే ర్యాలీకి చూసుకుందాంలే" అని మనసు బేరం పెడుతుంది. మొదటి రౌండ్‌లో జనం ఉత్సాహం మోస్తుంది. చివరి రౌండ్‌లో గీత కనిపిస్తుంది. మూడో రౌండ్‌లోనే ఏమీ ఉండదు. అక్కడ కావాల్సింది పక్కన ఒక మనిషి.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1954 మే 6న ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ ఒక మైలు దూరాన్ని మొదటిసారి 4 నిమిషాల లోపు, అంటే 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు. మైలు అంటే 1609 మీటర్లు, దాదాపు మన పరుగే. ఆయన పేరు అందరికీ తెలుసు. ముందు పరిగెత్తి పేస్ పట్టిన ఇద్దరు స్నేహితుల పేర్లు ఎంతమందికి తెలుసు? మొదటి సగం క్రిస్ బ్రాషర్, ఆ తర్వాత క్రిస్ చాటవే. చివర్లో మాత్రమే బానిస్టర్ ముందుకి వెళ్లాడు.

సైన్యంలో కూడా అంతే. అక్కడ దీన్ని బడ్డీ అంటారు. ఇద్దరు జవాన్లని జతగా పెడతారు. ఒకరి సామాను, ఒకరి నీళ్లు, ఒకరి ఒంట్లో తేడా ఇంకొకరు చూసుకోవాలి. ట్రైనింగ్‌లో తుపాకీ, సామాను మోస్తూ 5 కిలోమీటర్లు పరిగెత్తాల్సి వస్తుంది. మన భీమిలి దగ్గర ఐఎన్‌ఎస్ కర్ణ ఉంది కదా, నేవీ మార్కోస్ కమాండోల స్థావరం. అలాంటి చోటికి వెళ్లాలనుకునేవాడు ముందు నేర్చుకోవాల్సింది పక్కనోడిని చూసుకోవడమే.

మన బ్యాచ్‌లో దీన్ని ఎలా చేయాలి? ముగ్గురు ఉన్నారనుకోండి. ఒకడు రౌండ్‌కి 82 సెకన్లు తప్పకుండా పేస్ పట్టాలి. ఒకడు వెనక పరిగెత్తాలి. ఇంకొకడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ప్రతి 200 మీటర్లకీ టైం అరవాలి. వారం వారం డ్యూటీ మార్చుకోండి. అరిచేవాడు "ఏటిరా ఆ నడక" అని తిట్టకూడదు. "42 సెకన్లు, బానే ఉంది, భుజాలు వదిలెయ్" అని చెప్పాలి. అలిసినవాడికి కావాల్సింది సమాచారం, ఎగతాళి కాదు.

ఇప్పుడు అసలు విషయం, సీరియస్‌గా వినండి. తోడు ఉండేది తోయడానికే కాదు, ఆపడానికి కూడా. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికకి 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఉద్యోగం కోసం వెళ్లిన పిల్లలు! విశాఖ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు, అందుకే ఒళ్లు చల్లబడదు. వడదెబ్బ తగిలినవాడికి తలే సరిగ్గా పనిచేయదు. "నాకేం కాలేదు" అనే అంటాడు. మాట తడబడుతోందా, అడుగు తూలుతోందా అని పక్కనోడే చూడాలి. కనిపిస్తే వెంటనే ఆపండి. నీడకి తీసుకెళ్లి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

మా బ్యాచ్‌లో ఒకడు జ్వరంతో గ్రౌండ్‌కి వచ్చాడు. వయసు దాటిపోతోందని వాడి భయం. వాడి ఫ్రెండ్ షూస్ లాక్కుని ఇంటికి పంపేశాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు జ్వరం తగ్గాక ఇద్దరూ కలిసే వచ్చారు. వాడు సెలెక్ట్ అయ్యాడా అని అడక్కండి, కాలేదు. కానీ వాడు ఇప్పటికీ పరిగెడుతున్నాడు. అదే ఫ్రెండ్‌తో.

ర్యాలీలో మార్కులు ఎవరివి వాళ్లకే. పక్కనోడు మీ బదులు పరిగెత్తడు. కానీ ఆ రోజు దాకా మిమ్మల్ని క్షేమంగా తీసుకొచ్చేది వాడే. మీ మూడో రౌండ్‌లో మీ పక్కన ఎవరున్నారు? కామెంట్‌లో చెప్పండి, ఈ ఎపిసోడ్ ముందు వాళ్లకే పంపండి. రేపు ఐదింటికి కలుద్దాం.