అరటి నార – పారిశ్రామిక పదార్థంగా రూపాంతరం: నంద్యాల ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం:

తెలుగువారికి అరటి నార కొత్తది కాదు. పూలదండలు కట్టడానికి తరతరాలుగా వాడుతున్నదే. అయితే దండకు పనికివచ్చే నార వేరు, కర్మాగారానికి పనికివచ్చే నార వేరు. రెండవ దానికి ఏకరీతి మందం, నిర్ణీత తేమ, నిలకడైన సరఫరా కావాలి. ఈ అంతరాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత నేపథ్యం:

సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు–కడప కాలువ నందికొట్కూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు సాగునీరు అందిస్తోంది. మహానంది, నంద్యాల పరిసరాల్లో అరటి తోటలు విస్తారం. అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోసిన తరువాత బోదెను నరికి గట్టున వేయడమో, పొలంలోనే కుళ్ళనివ్వడమో పరిపాటి. దాన్ని తొలగించే కూలి ఖర్చు రైతు మీదే పడుతుంది.

నార తీసే విధానం:

బోదె అనేది నిజమైన కాండం కాదు. ఒకదానిపై ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగుల సముదాయం. ఈ తొడుగులను విడదీసి, తిరిగే పళ్ళచక్రం గల యంత్రానికి అందిస్తే గుజ్జు రాలిపోయి నార మిగులుతుంది. దానిని కడిగి నీడలో ఆరబెడతారు. వెలుపలి తొడుగుల నార ముతకది. తాళ్లకు, చాపలకు అనువైనది. లోపలి తొడుగుల నార సన్ననిది, నేతకు పనికివస్తుంది.

బోదెలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. చేతికి వచ్చే పొడి నార సుమారు నూటికి ఒక పాలు. అంటే టన్ను బోదె నుంచి దాదాపు 10 కిలోలు. బోదెను దూరప్రాంతానికి తరలించడం నీటిని మోయడమే అవుతుంది. పైగా నరికిన బోదె నిలవ ఉంటే నార రంగు మారి నాణ్యత తగ్గుతుంది. కనుక నార తీత తోటకు చేరువలోనే జరగాలి.

మిశ్రమ పదార్థాల తయారీ:

అరటి నార సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.35 గ్రాములు, గాజు నారది సుమారు 2.5. ఈ తేలికదనమే దాని ప్రధాన బలం. సెల్యులోజ్‌కు నీటిని ఆకర్షించే గుణం ఉండడం దాని బలహీనత. ప్లాస్టిక్ రెసిన్లు నీటిని వికర్షిస్తాయి కనుక రెండింటి మధ్య పట్టు కుదరదు. నారను పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడితే పైపొరలోని మైనం, లిగ్నిన్ కొంత తొలగి, ఉపరితలం గరుకుగా మారి పట్టు పెరుగుతుంది. గాఢత మితిమీరితే నారే బలహీనపడుతుంది. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే సెల్యులోజ్ క్షీణిస్తుంది. అందువల్ల పాలీప్రొపిలీన్ వంటి తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే ప్లాస్టిక్‌లే అనుకూలం.

అరటి కుటుంబానికే చెందిన ఫిలిప్పీన్స్ అబాకా నార ఓడల తాళ్లకు, నాణ్యమైన కాగితానికి, కార్ల భాగాలకు ఉపయోగపడింది. కాని అబాకాను నార కోసమే పెంచుతారు. నంద్యాలలో అరటిని పండు కోసం పెంచుతారు. నార ఉపఉత్పత్తి మాత్రమే.

ముగింపు:

నార ఒక్కదాని ఆదాయంతో యంత్రం ఖర్చు పూడ్చడం కష్టం. మిగిలే గుజ్జును వానపాముల ఎరువుగా, రసాన్ని ద్రవ ఎరువుగా మార్చగలిగితే లెక్క మారుతుంది. గుజరాత్‌లోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం బోదె రసంతో ద్రవ ఎరువును రూపొందించింది. బోదెలోని ప్రతి భాగానికీ విలువ కట్టినప్పుడే అరటి నార పరిశ్రమ రైతుకు గిట్టుబాటవుతుంది.