రంగుల్లో వణికించే చలి

ఆకాశానిదీ, గడ్డకట్టిన చెరువులదీ ఒకే రంగు. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1565లో చెక్కపలకపై తైలవర్ణాలతో వేసిన 'మంచులో వేటగాళ్లు' చిత్రం చూసేవారిని వణికించేది ఈ రంగుతోనే. 1564-65 శీతాకాలం ఐరోపాను గడగడలాడించింది. ఆ మరుసటి చిత్రమిది. ప్రస్తుతం వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియంలో ఉన్నది.

ముగ్గురు వేటగాళ్లు కుక్కలతో ఊరివైపు దిగివస్తున్నారు. వీపులే తప్ప ముఖాలు కనిపించవు. అయినా వంగిన నడుములు, తలలు వేలాడేసిన కుక్కలు సంగతి చెప్పకనే చెబుతాయి. ఈటెకు వేలాడుతున్నది ఒక్క నక్క మాత్రమే! తెల్లని మంచుపై నల్లని మనుషులు, ఆకురాలిన నల్లని చెట్లు ఆ దిగులును మరింత పెంచాయి.

ఎడమపక్క సత్రం ముందు పసుపు, ఎరుపు కలిసిన మంట ఉన్నది. కంటికి కాస్త వెచ్చగా తగిలేది అదే. వేటగాళ్లు మాత్రం అటు చూడకుండానే సాగిపోతున్నారు.

దిగువన చెరువులపై జనం జారుతూ ఆడుకుంటున్నారు. ఆ పక్కనే వంతెనపై ఒకామె కట్టెల మోపు మోసుకుపోతున్నది. చలి అందరికీ ఒక్కటే అయినా కొందరికది ఆట, కొందరికి పొయ్యి వెలిగించుకునే పాట్లు. బ్రూగెల్ ఈ రెండింటినీ ఒకే ఆకాశం కింద చూపడం విశేషం.