నిడుపు పటము – చిత్రకారుని పాట్లు



పటము విప్పి కథ చెప్పు వాడుక తెలంగాణపు పల్లెలలో చిరకాలముగ నున్నది. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, గొల్లలకు కాటమరాజు కథయు ఇట్లే వినిపింపబడుచు వచ్చినవి. ఈ పటములను వ్రాయువారు నకాషీలు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల వీరికి పేరుగన్న నెలవు. చూచువారు బొమ్మలను మెచ్చుకొందురు. కాని చిత్రకారుని కష్టము బొమ్మకు ముందే, గుడ్డకు పూత పెట్టునపుడే యారంభమగును.

పటము సుమారు 3 అడుగుల వెడల్పును, ఒక్కొక్కపుడు 40 అడుగులకు మించిన పొడవును గలిగియుండును. గోడమీది చిత్రము కదలదు. పటమును మాత్రము కథ చెప్పినప్పుడెల్ల విప్పవలెను, మరల చుట్టవలెను. కావున దాని పూత గట్టిగను ఉండవలెను, విరుగక వంగనువలెను. ఈ రెండు గుణములను ఒక్కచోట గూర్చుటయే చిత్రకారునికి పరీక్ష.

గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి ఖద్దరు గుడ్డకు మూడు మారులు పూయుదురు. ఒక పూత చక్కగ నారిన పిదపనే మరియొకటి పూయవలెను. తొందరపడినచో పెచ్చులూడును. సుద్ద యెక్కువైనచో చుట్టినపుడు పగుళ్లు వారును. పూత పలుచనైనచో రంగు గుడ్డలోనికింకి గీత చెదరును. దీనికి చేతి యనుభవమే కొలత.

ఇక రంగులు. దీపపు మసి నలుపునకు, శంఖపు పొడి తెలుపునకు, నీలిమందు నీలమునకు, ఇంగిలీకము ఎరుపునకు ఆధారములు. బొమ్మల వెనుక పరచుకొనునది ఎరుపే. మొదట నూరిన రంగు చాలక మరల నూరినచో ఛాయ మారును. అంత పొడవున ఆ భేదము దాగదు.

నేడు పటకథకులు తగ్గిరి. చట్రములలో బిగించు చిన్న బొమ్మలకే గిరాకి. చుట్టనక్కరలేని బొమ్మకు వంగు పూతతో పనిలేదు. పనిలేని నేర్పు తరము మారునప్పటికి మరపున బడును.

జీర్ణించిన పటమును నదిలో విడుచుట పూర్వాచారము. మీ యూర నట్టి పటమున్నచో, విడుచుటకు ముందొకమారు పటము వ్రాయువారికి చూపుడు. పూత నేర్చుకొనువానికి అంతకుమించిన పాఠము లేదు. అంతవరకు దానిని మడువక వదులుగ చుట్టి, చెమ్మయు చెదలును సోకని చోట నుంచుడు. తడిగుడ్డతో మాత్రము తుడువకుడు. బంకనీట కలిపిన రంగు నీటికి నిలువదు.