సంతకం పెట్టాల్సిన చెయ్యి

పెళ్లి జరిపించేవాళ్లు రెండు రకాలు. అయ్యగారు, ఖాజీ, పాస్టరు ఒక రకం. సబ్ రిజిస్ట్రారు ఇంకో రకం. మొదటి రకం వాళ్లు తమ మతం ఒప్పుకోని లగ్గం చెయ్యరు. చెయ్యమని బలవంతపెట్టే చట్టమూ మన దేశంలో లేదు. సబ్ రిజిస్ట్రారు సంగతి అలా కాదు. ఆయన తీసుకునే జీతం ప్రభుత్వానిది, వేసే ముద్ర ప్రభుత్వానిది. మగవాళ్లిద్దరి పెళ్లిని, ఆడవాళ్లిద్దరి పెళ్లిని చట్టం ఒప్పుకున్న దేశాల్లో చిక్కు వచ్చిపడింది ఈ రెండో రకం వాళ్ల దగ్గరే. మతం పాపమంటుంది, ఉద్యోగం సంతకం పెట్టమంటుంది. ఏది వినాలి?

ఈ పేచీ అమెరికాలో బాగా పేరుకెక్కింది. ఇలాంటి పెళ్లిళ్లు దేశమంతటా చెల్లుతాయని 2015 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కెంటకీ రాష్ట్రం రోవన్ కౌంటీలో పెళ్లి లైసెన్సులిచ్చే క్లర్కు కిమ్ డేవిస్ ఒప్పుకోలేదు. వివక్ష అనే మాట రాకుండా ఆడామగా జంటలకు కూడా లైసెన్సులు ఆపేశారు. ఎవరి అధికారంతో ఆపుతున్నారని అడిగితే దేవుడి అధికారంతో అన్నారు. ఇమ్మని కోర్టు చెప్పినా ఇవ్వకపోవడంతో సెప్టెంబర్ 3న జైలుకు పంపారు, ఐదు రోజులకు వదిలారు. ఆలోపు ఆమె కింది ఉద్యోగులు లైసెన్సులు రాసిచ్చారు. మరుసటి ఏడాది కెంటకీ ప్రభుత్వం లైసెన్సు ఫారం మీద క్లర్కు పేరే లేకుండా చేసింది. ఆఫీసులో తగువు అలా ఒక గడి కొట్టేయడంతో తీరింది. కోర్టులో మాత్రం పదేళ్లు నడిచింది. ఆమె అప్పీలు వినబోమని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

లండన్‌లోని ఇజ్లింగ్టన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రారుగా పనిచేసిన లిలియన్ లాడెల్ కథలో ఇంత హడావుడి లేదు కానీ, ఆలోచించాల్సింది ఎక్కువ. ఆమె ఆ ఉద్యోగంలో చేరినప్పుడు ఈ జంటలకు చట్టమే లేదు. 2005 డిసెంబర్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో వచ్చింది. కొన్నాళ్లు ఆమె తోటివాళ్లతో డ్యూటీలు మార్చుకుని నెట్టుకొచ్చారు. వచ్చిన జంట ఎవరూ వెనక్కి పోలేదు. కానీ ఆఫీసులోనే ఇద్దరు గే ఉద్యోగులు ఇది తమకు అవమానమని ఫిర్యాదు చేశారు. కౌన్సిల్ చర్య తీసుకోవడంతో ఆమె వేసిన కేసు కింది నుంచి పైదాకా వెళ్లి, 2013 జనవరి 15న యూరప్ మానవ హక్కుల కోర్టులో ఆమె ఓడిపోయారు. ఏడుగురు జడ్జీల్లో ఇద్దరు ఆమె పక్షాన నిలిచారు. నిజానికి ఆమె వాదనలో బరువుంది. చేరేటప్పుడు లేని పని తర్వాత వచ్చి మీద పడితే, పక్కవాళ్లతో సర్దుకునే వీలున్నప్పుడు సర్దుకోనివ్వడం తప్పు కాదు.

ఆ వీలు పెద్ద ఆఫీసుల్లోనే ఉంటుంది. దక్షిణాఫ్రికా 2006లో ఇలాంటి పెళ్లిళ్లకు చట్టం తెస్తూ, ఇష్టంలేని అధికారి మంత్రికి రాసిచ్చి తప్పుకోవచ్చని అందులోనే పెట్టింది. కొన్ని ఊళ్లలో జంటలకు పెళ్లి చేసే నాథుడే లేకుండా పోయాడు. 2020లో ఆ వెసులుబాటు తీసేశారు. ఆసిఫాబాద్ లాంటి చోట, ఒక్క సబ్ రిజిస్ట్రారే ఉండే ఆఫీసులో, ఆయన తప్పుకుంటే జంట ఇంకో ఊరికి బస్సెక్కాలి. అప్పుడది ఒకరి మనస్సాక్షి ఖర్చు ఇంకొకరు కట్టడం అవుతుంది.

మన దగ్గర ఈ తగువు ఆఫీసు దాకా రాలేదు. రాకుండా ఆపింది చట్టమే. దాన్ని మార్చమని అడిగినవాళ్లలో ముందున్నది హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2021 డిసెంబర్‌లో నగర శివార్లలో బంధుమిత్రుల ముందు ఒకటైన ఈ ఇద్దరూ, ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని గుర్తించాలని 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 17న తీర్పొచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. కనీసం ఈ జంటల కలయికనైనా గుర్తించాలని ఇద్దరన్నారు, కుదరదని ముగ్గురన్నారు. తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఆ ముగ్గురిలో ఒకరు. రివ్యూ పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు.

కాబట్టి కరీంనగర్‌లో ఇవాళ ఒక సబ్ రిజిస్ట్రారు మనస్సాక్షి ఇలాంటి పెళ్లి చెయ్యమని చెప్పినా ఆయన చెయ్యలేరు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద మ్యారేజ్ ఆఫీసరు ఆయనే. జంట నోటీసిస్తుంది. పేర్లు, వయసు, వృత్తి, చిరునామాతో సహా ఆ కాగితాన్ని ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. కులాంతరమో మతాంతరమో అయితే ముప్పై రోజుల గడువు తీరకముందే కబురు ఇంటికి చేరే ప్రమాదం ఉంటుంది. గడువు తర్వాత ముగ్గురు సాక్షుల ముందు ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్టు ఇద్దరూ పలకాలి. చట్టంలోని నిబంధనలు తెలిసీ మీరి పెళ్లి జరిపించిన అధికారికి 46వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. కిమ్ డేవిస్ కథ ఇక్కడ తిరగబడుతుంది. తిరగబడ్డ ఈ కథ కూడా అమెరికాలో జరిగిందే. 2004 ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాన్ ఫ్రాన్సిస్కో అధికారులు రాష్ట్ర చట్టాన్ని కాదని దాదాపు నాలుగు వేల జంటలకు పెళ్లిళ్లు చేశారు. చట్టం చెల్లదని తేల్చడం అధికారుల పని కాదంటూ కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆగస్టులో అన్నింటినీ రద్దు చేసింది. చెయ్యనన్న క్లర్కుకూ, చేసేసిన అధికారులకూ కోర్టులు చెప్పింది ఒకటే: కుర్చీలో ఉన్నంతసేపు చట్టం మాటే చెల్లుతుంది.

మన రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షికి చోటిచ్చింది, హద్దులూ గీసింది. జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడినందుకు బడి నుంచి వెళ్లగొట్టిన ముగ్గురు కేరళ పిల్లలను 1986లో సుప్రీంకోర్టు తిరిగి బడిలో చేర్పించింది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. వాళ్లు పిల్లలు, పౌరులు. ఎవరికీ సేవ బాకీ లేరు. ఉద్యోగుల విషయంలో కోర్టులు ఇంత మెత్తగా లేవు. రెజిమెంటు గుడి గర్భాలయంలోకి అడుగుపెట్టనన్న ఒక క్రైస్తవ సైనికాధికారి తొలగింపును 2025లో ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు సమర్థించాయి. సబ్ రిజిస్ట్రారుది సైన్యం కాదు, అంత కఠినం అవసరమూ లేదు. అయినా ఆయన కౌంటర్ ముందు నిలబడేది ప్రజలు.

ఈ విషయం ఉత్తర తెలంగాణకు ఇప్పటికే వర్తించే చోటు ఒకటుంది. ట్రాన్స్ మహిళ మగవాడిని పెళ్లాడితే ఇప్పుడున్న చట్టాల కిందే అది చెల్లుతుందని 2023 తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంతకుముందు 2019లో, తూత్తుకుడి గుళ్లో జరిగిన ఇలాంటి పెళ్లిని రిజిస్ట్రారు నమోదు చెయ్యనంటే, వధువు అనే మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఉంటుందని మద్రాసు హైకోర్టు చెప్పి నమోదు చేయించింది. నిజాం కాలంలో హిజ్రాల పేర్లు ఎక్కింది నేరాల అనుమానంతో సర్కారు పెట్టిన రిజిస్టరులో. అలా ఎక్కించమన్న, 1329 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. ఇప్పుడు వాళ్ల పేర్లు పెళ్లి రిజిస్టరులో ఎక్కాలి.

ఇక్కడ మతం అడ్డమని చెప్పేవాళ్లు ఒకసారి వేములవాడ వెళ్లి చూడాలి. శ్రీరామనవమి నాడు రాజన్న గుళ్లో సీతారాముల కల్యాణం జరుగుతుంటే, శివపార్వతులని పిలిచే జోగినులు, హిజ్రాలు త్రిశూలం పట్టుకుని, నెత్తిన అక్షింతలు చల్లుకుని శివుణ్ని పెళ్లాడతారు. రాజన్నకు లేని అభ్యంతరం రిజిస్ట్రారుకు ఎందుకో చెప్పడం కష్టం.

ఒకవేళ కాదంటే దారి చట్టంలోనే ఉంది. ప్రత్యేక వివాహ చట్టం కింద వచ్చిన అభ్యంతరాన్ని ఒప్పుకుని మ్యారేజ్ ఆఫీసరు పెళ్లి చెయ్యనంటే, ముప్పై రోజుల్లోగా జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా కోర్టు చెప్పిందే తుది మాట. ఆ అధికారి దాని ప్రకారమే నడుచుకోవాలి.