వీడియో ఆటకు ముఖచిత్రము

పుస్తకముల అంగడిలో నిలుచున్న పాఠకుడు మొదట చూచునది అట్టను. అట్ట కంటికి నచ్చినచో పుస్తకమును చేతిలోనికి తీసికొని నాలుగు పుటలు త్రిప్పును. నచ్చనిచో ప్రక్క పుస్తకము మీదికి చూపు పోవును. లోపలి రచన ఎంత గొప్పదైనను, ఆ ఒక్క క్షణములో దానికై మాటలాడగలిగినది అట్ట మీది బొమ్మ మాత్రమే. ఈనాడు వీడియో ఆటల విషయములోను ఇదే జరుగుచున్నది. అయితే ఈ అంగడి వీధిలో లేదు, కంప్యూటరు తెర మీద ఉన్నది. వాల్వ్ అను అమెరికా సంస్థ నడుపుచున్న ‘స్టీమ్’ ఇట్టి అంగళ్ళలో మిక్కిలి పెద్దది. 2024వ సంవత్సరములో 18 వేలకు పైగా క్రొత్త ఆటలు ఆ ఒక్క అంగడికే వచ్చినవి. వానిలో ప్రతి ఆటకును లభించునది తెర మీద ఒక చిన్న చోటు, అందులో ఒక చిన్న బొమ్మ.

ఆ బొమ్మను ఎట్లు రూపొందించవలెనన్నది పెద్ద సంస్థలకు ఒక వ్యాపార ప్రశ్న. ‘ఇండీ’ నిర్మాతలకు, అనగా పెద్ద సంస్థల అండ లేక స్వతంత్రముగా ఆటలు తయారుచేయువారికి, అది బ్రతుకుతెరువు ప్రశ్న. ఎరిక్ బారోన్ అను అమెరికా యువకుడు నాలుగేండ్లకు పైగా ఒంటరిగా కూర్చుండి, బొమ్మలు, సంగీతము, ప్రోగ్రాము, కథ అన్నియు తానే సమకూర్చి, 2016లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అను ఆటను వెలువరించినాడు. అది లోకమంతట పేరు పొందినది. అట్టి శ్రమయే చేసియు ఎవరి కంటను పడనివారు అనేకులు. ఏండ్ల తరబడి చేసిన పనికిని, దానిని కొనదగినవానికిని నడుమ నిలిచియున్న తలుపు ఆ చిన్న బొమ్మయే.

ఈ వ్యాసములో మనము విచారించునది రోల్ ప్లేయింగ్ ఆటలను గూర్చి. అనగా ఆడువాడు కథలోని ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర పక్షమున నిర్ణయములు చేయుచు, క్రమక్రమముగా శక్తిని, నేర్పును సంపాదించుకొనుచు ముందునకు సాగు ఆటలు.

ఈ జాతి ఆటల చరిత్ర తొలినాళ్ళలోనే ముఖచిత్రము కథ కూడ ఒకటి ఉన్నది. 1979లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో రిచర్డ్ గారియట్ అను విద్యార్థి ‘అకలబెత్’ అను ఆటను వ్రాసినాడు. తాను పనిచేయుచున్న కంప్యూటరు దుకాణములోనే, డిస్కును ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మకమునకు ఉంచినాడు. దాని ముఖచిత్రమును గీసినది ఆయన తల్లి హెలెన్ గారియట్. ఆ ప్రతులలో ఒకటి కాలిఫోర్నియాలోని ఒక ప్రచురణ సంస్థ చేతికి చేరగా, వారు 1980లో డెనిస్ లూబే అను చిత్రకారుని బొమ్మతో దానిని మరల ప్రచురించినారు. గారియట్ తరువాత రచించిన ‘అల్టిమా’ ఆటలకును లూబే చిత్రములు గీసినాడు.

ఆ కాలపు తెర మీద నేలమాళిగ గోడలు కొన్ని గీతలుగా మాత్రమే కనబడెడివి. యంత్రము చూపజాలని లోకమును ఊహలో నింపుట ఆనాటి ముఖచిత్రము పని. ఈనాడు తెర సమస్తమును చూపగలదు. కావున ముఖచిత్రము పని మారినది. లేనిదానిని పూరించుట కాదు, ఉన్నదానిని ఒక్క చూపులో నిజముగా తెలియజెప్పుట దాని కర్తవ్యము. మేము ఇచ్చట చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే.

ముందుగా చోటును గూర్చి. స్టీమ్ వారు ఈ బొమ్మలను ‘క్యాప్సూల్’ అందురు. పెద్ద క్యాప్సూల్ 1232 పిక్సెళ్ళ వెడల్పు, 706 పిక్సెళ్ళ ఎత్తు. చిన్నది 462 వెడల్పు, 174 ఎత్తు. ఆ చిన్నదానిని అంగడివారు ఇంకను కుదించి, 120 వెడల్పు, 45 ఎత్తు గల బొమ్మగా కూడ చేసికొందురు. అది తెర మీద ఇంచుమించు తపాలా బిళ్ళంత. కొనువారిలో చాలమంది ఆటను మొట్టమొదట చూచునది ఇట్టి చిన్న రూపములోనే. చిత్రకారుడు నెలరోజులు శ్రమించి గీసిన కవచము మీది నగిషీ అక్కడ ఒక మసక మాత్రమే.

అందుచేత బొమ్మ చిన్న పరిమాణములోనే పుట్టవలెను. మొదట బొటనవ్రేలంత చిత్తుబొమ్మలు పది పన్నెండు గీసి, వానిలో దూరమునుండి చూచినను తెలియుదానిని ఎన్నుకొని, పిమ్మట పెంచవలెను. రంగులు తీసివేసి తెలుపు నలుపులలో చూచినప్పుడు కూడ ముఖ్యమైన ఆకారము వెనుకనున్న దృశ్యమునుండి విడివడి కనబడవలెను. కనబడకున్నచో ఎన్ని రంగులు వేసినను ప్రయోజనము లేదు. వెలుగు ఒక ప్రక్క, చీకటి ఒక ప్రక్క, నడుమ ఒక్క ఆకారము: ఇంతటితో సగము పని ముగిసినట్లే.

ఆట పేరును వ్రాయు అక్షరములు ముఖచిత్రములో సగభాగమే అనవచ్చును. ముళ్ళును తీగెలును చుట్టిన అక్షరములు పెద్ద గోడపత్రిక మీద శోభించునేమో కాని, తపాలా బిళ్ళంత చోట చదువరాని అల్లికయగును. చిన్న క్యాప్సూల్‌లో పేరే చోటునంతను నింపినను తప్పు లేదు.

రోల్ ప్లేయింగ్ ఆటలకు ప్రత్యేకముగా మరొక చిక్కు ఉన్నది. ఇట్టి ఆటలలో పెక్కింట నాయకుడెవరో ఆడువాడే నిర్ణయించుకొనును. స్త్రీయో పురుషుడో, యోధుడో మాంత్రికుడో ముందుగా తెలియదు. అప్పుడు ముఖచిత్రములో ఎవరిని నిలుపవలెను? చాలమంది నిర్మాతలు ఎనిమిదిమంది సహచరులను వరుసగా నిలిపి, వెనుక ఒక డ్రాగన్‌ను, ముందు ఒక కత్తిని ఉంచుదురు. అట్టి బొమ్మలు అంగడిలో వేలకొలది ఉన్నవి. చూపరి కన్ను వానిని దాటి పోవును. ఎందరున్నారని చెప్పుటకంటె, ఆ లోకములో జీవించుట ఎట్లుండునో చెప్పుట మేలు.

రెండు ఉదాహరణములు చూతము. 2016లో పూర్తిరూపమున వెలువడిన ‘డార్కెస్ట్ డంజన్’ అను ఆట, చీకటి గుహలలో సాహసికుల మనస్సు ఎట్లు చెదరిపోవునో చూపును. దాని చిత్రములన్నింటను దట్టమైన నల్లని సిరా నీడలే. ఆ నలుపు చూచినవానికి ఇది వినోద విహారము కాదని వెంటనే తెలియును. 2019లో వచ్చిన ‘డిస్కో ఎలీసియమ్’లో కథాంతయు ఒక డిటెక్టివు అంతరంగము. దాని చిత్రములు తైలవర్ణ చిత్రముల కుంచె పోకడలతో ఉండి, కత్తియుద్ధముల కథ కాదని ముందే హెచ్చరించును. ఈ రెండింటను బొమ్మల శైలియే ఆట స్వభావమును చాటినది. మన హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అను ఆటను వెలువరించినది. పురాణముల నాధారముగా కొన్న ఇట్టి ఆటలకు ఈ మాట మరింత వర్తించును. మన లోకము ఎరుగని పరదేశీయునకు దాని రుచిని ఒక్క చూపులో అందించవలసినది ముఖచిత్రమే గదా.

ఇక సత్యమును గూర్చి. పూర్వము కొందరు నిర్మాతలు బొమ్మ మీదనే పత్రికల ప్రశంసలను, బహుమతుల ముద్రలను, తగ్గింపు ధరలను అచ్చొత్తించెడివారు. 2022 సెప్టెంబరు నుండి స్టీమ్‌లో ఇది నిషిద్ధము. ఆట చిత్రము, పేరు, అధికారిక ఉపశీర్షిక మాత్రమే క్యాప్సూల్‌లో ఉండవలెను. కాని నిబంధన పట్టుకొనజాలని అబద్ధము మరొకటి ఉన్నది. లోపల నిదానముగా సాగు సంభాషణల ఆట; పైన మంటలు, రథములు, మహాయుద్ధము! ఈ బొమ్మ కొందరిని ఆకర్షించవచ్చును. అయితే ఆ అంగడిలో, కొన్న 14 దినములలో, రెండు గంటలకు మించి ఆడనిచో, ఆటను తిరిగి ఇచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. మోసపోయితినని తలచినవాడు ఆటను తిరిగి ఇచ్చుటయేగాక, నలుగురు చదువునట్లు నింద కూడ వ్రాయును. అంతకంటె నష్టమేమన, ఆ సంభాషణల ఆటనే ప్రేమించి ఉండదగినవాడు మంటలను చూచి ప్రక్కకు పోయి ఉండును.

ముఖచిత్రము లోపలి బొమ్మలకంటె నాణ్యముగా ఉండరాదని దీని భావము కాదు. లోపల చతురపు చుక్కల బొమ్మలున్న ఆటకు పైన నిండు వర్ణచిత్రము ఉండవచ్చును. రంగుల పొందిక, కాలము, భావము మాత్రము రెండింటను ఒక్కటియై ఉండవలెను.

చిత్రకారునితో కుదుర్చుకొనునప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. అడ్డముగా, నిలువుగా, చదరముగా పలు ఆకారములు కావలసి వచ్చును. కావున పేరు, ముఖ్యమైన ఆకారము, వెనుక దృశ్యము వేరువేరు పొరలుగా గీయుమని ముందే కోరవలెను. ప్రతిఫలమును, హక్కులను కాగితము మీద పెట్టుకొనుట ఇరువురికి క్షేమము. కృత్రిమ మేధతో బొమ్మను తయారుచేయించినచో ఆ సంగతి కొనువారికి వెల్లడింపవలెనని స్టీమ్ వారు 2024 జనవరిలో నియమము పెట్టినారు.

కడపట ఒక పరీక్ష ఉన్నది. దానికి ఖర్చు లేదు. పూర్తయిన బొమ్మను చిన్నదిగా చేసి, ఇతరుల బొమ్మలు ఇరువది నడుమ ఉంచి, ఆ ఆటను గూర్చి ఎన్నడును విననివానికి ఒక్క క్షణము చూపి మూసివేయవలెను. “బాగున్నదా?” అని అడుగరాదు, మర్యాదకు బాగున్నదనియే అందురు. “ఇది ఎట్టి ఆట? ఇందులో నీవు ఏమి చేయుదువని తోచుచున్నది?” అని అడుగవలెను. అతని జవాబు ఆటకు సరిపోయినచో బొమ్మ తన పని నెరవేర్చినది. సరిపోనిచో, ఎంత అందమైనదైనను దానిని మరల గీయవలసినదే. ఏండ్ల శ్రమ ఆధారపడియున్నచోట, ఇంకొక వారము శ్రమకు వెనుదీయుట తగదు.