ఇంజనులో ఇసుక రేణువు

మైపాడు తీరాన కాసేపు తిరిగి ఇల్లు చేరినవారు బట్టలు దులిపితే ఇసుక రాలుతుంది. బట్టలకు పట్టిన ఇసుకను దులిపివేయవచ్చు. ఇంజనులోకి చేరిన ఇసుకను తీయడం ఎట్లా? ఆ పని చేసేదే కందెన నూనె వడపోత, అనగా ఆయిల్ ఫిల్టరు. పాతకాలపు కారులో ఈ అమరికను మెరుగుపరచడమంటే ఏమిటో, అందులో ఇమిడి ఉన్న సూత్రాలేమిటో పరిశీలిద్దాం.

ఇసుకలో అధికభాగం క్వార్ట్జు. పదార్థాల కాఠిన్యాన్ని తెలిపే మో కొలమానంలో దీని స్థానం 7. చాకుకు వాడే ఉక్కు స్థానం సుమారు 5.5. కనుక ఇసుక రేణువు ఉక్కును గీయగలదు. గాలిలో తేలే సన్నని రేణువులు ఇంజను పీల్చుకొనే గాలితో లోపలికి పోయి, సిలిండరు గోడల మీది నూనెలో చిక్కుకొని, పిస్టను రింగులను దాటి, అడుగునున్న నూనె తొట్టిలోకి దిగుతాయి. ఇంధనం మండగా వచ్చిన మసి, భాగాలు అరగగా వచ్చిన లోహపు పొడి వీటికి తోడవుతాయి.

తిరిగే క్రాంకు షాఫ్టుకూ, దానిని మోసే బేరింగుకూ నడుమ పలుచని నూనెపొర ఉంటుంది. బరువు ఎక్కువగా పడే చోట ఈ పొర మందం కొద్ది మైక్రానులు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. నూనెపొర కంటే పెద్దదైన రేణువు అందులో దూరితే రెండు లోహాలనూ గీస్తుంది. ఆ గీతల నుండి రాలిన పొడి మరికొన్ని గీతలు గీస్తుంది. ఈ విధంగా అరుగుదలే అరుగుదలను పెంచుతుంది.

రెండు దారులు

అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1923లో మోటారు కార్లకు నూనె వడపోతను రూపొందించాడు. తరువాత వచ్చిన అమరికలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పక్కదారి వడపోత. ఇందులో పంపు తోడిన నూనెలో అధికభాగం వడపోత లేకుండానే బేరింగులకు పోతుంది. సుమారు పదోవంతు మాత్రం పక్కదారిన ఫిల్టరు గుండా పోయి తొట్టికి చేరుతుంది. రెండవది పూర్తి ప్రవాహ వడపోత. ఇందులో నూనె అంతా ముందు ఫిల్టరును దాటి, పిదపనే బేరింగులను చేరుతుంది.

మద్రాసులో 1950 ప్రాంతాలలో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కార్లు తయారయ్యేవి. ఇంగ్లండులో పుట్టిన ఆ ఇంజను వంశం విచిత్రమైనది. ఫెర్గూసన్ టీ.ఇ.20 ట్రాక్టరును నడిపినదీ ఆ వంశపు ఇంజనే. 1953లో వెలువడిన ట్రయంఫ్ టీ.ఆర్.2 అనే క్రీడా కారును పరుగెత్తించినదీ అదే. టీ.ఆర్.2లోనూ, తొలి టీ.ఆర్.3 కార్లలోనూ పక్కదారి వడపోత ఉండేది. టీ.ఆర్.3 తయారవుతున్న కాలంలోనే పూర్తి ప్రవాహ వడపోత వచ్చింది. అటువంటి పాత టీ.ఆర్.2 ఒకటి నెల్లూరు నుండి సుమారు 25 కిలోమీటర్లు నడిచి మైపాడు చేరినదనుకొందాం. దానిలో దూరిన ఇసుక గతి ఏమిటి?

చింతగింజల లెక్క

ఒక గిన్నెలో 100 చింతగింజలు పోయండి. ఇవి నూనెలోని రేణువులు. నూనె ఒకసారి తిరిగి వచ్చేసరికి పదింట ఒకటి ఫిల్టరులో చిక్కుతుంది. మొదటిసారి 10 గింజలు తీయండి. మిగిలిన 90 బేరింగుల గుండా పోయినట్లే. రెండవసారి 9 తీస్తే 81 మిగులుతాయి. ఇట్లా ఏడుసార్లు తీసిన తరువాత సుమారు 48 ఇంకా గిన్నెలోనే ఉంటాయి. గణితం ప్రకారం ఒక్కొక్క రేణువు చిక్కేలోపు సగటున 9 సార్లు బేరింగుల గుండా పోతుంది. పూర్తి ప్రవాహ పద్ధతిలోనైతే ఫిల్టరు ఆపగల రేణువు ఒక్కసారి కూడా పోదు. మెరుగుదల అంతా ఇందులోనే ఉన్నది.

అయితే పక్కదారి పద్ధతికీ ఒక సుగుణం ఉన్నది. కొద్ది నూనెనే వడకట్టాలి గనుక దాని రంధ్రాలు ఎంతో సన్నగా ఉండవచ్చు. పూర్తి ప్రవాహపు ఫిల్టరు రంధ్రాలు మరీ సన్నవైతే నూనె తగినంత పారదు. అందుకే కొన్ని పెద్ద డీజిలు ఇంజనులలో రెండింటినీ అమర్చుతారు.

మార్పులో మెలకువలు

నూనె అంతా ఫిల్టరు గుండానే పోవాలంటే, అది మురికితో పూడుకొన్నప్పుడు గతి ఏమిటి? అందుకొక కవాటం ఉంటుంది. ఫిల్టరుకు ఇరువైపులా ఉన్న పీడనాల తేడా హద్దు మీరితే అది తెరుచుకొని నూనెను నేరుగా పంపుతుంది. బేరింగుకు నూనె అందకపోవడం కంటే మురికి నూనె అందడమే మేలు. చల్లని ఉదయం నూనె చిక్కగా ఉన్నప్పుడు కూడా ఈ కవాటం తెరుచుకోవచ్చు.

పాత పద్ధతిలో ఇనుప గిన్నెలో వడపోత గుజ్జును మార్చేవారు. ఇప్పుడు మరతో బిగించే డబ్బా ఫిల్టరు సులభంగా దొరుకుతుంది. కాని డబ్బా మార్చినంత మాత్రాన నూనె దారి మారదు. ఇంజను పక్కన ఫిల్టరు బిగించే దిమ్మలోని దారులు మారితేనే పక్కదారి పూర్తి ప్రవాహమవుతుంది. దిమ్మ గాడిలో పాత రబ్బరు వలయం మిగిలిపోతే, దానిపై కొత్తది సరిగా కూర్చోక నూనె కారుతుంది. డబ్బా మర, కవాటం ఆ ఇంజనుకు తగినవై ఉండాలి. ఇంజను ఆగినప్పుడు డబ్బాలోని నూనె వెనుకకు జారిపోకుండా ఆపే రబ్బరు కవాటం కూడా ఉండాలి. అది లేకపోతే, డబ్బా నిండేదాకా, ప్రతి ఉదయం మొదటి కొద్ది క్షణాలు బేరింగులు నూనె లేకుండా తిరుగుతాయి. బిగించిన పిదప ఇంజను నడిపి పీడన మాపకాన్నీ, అతుకులనూ, ఇంజను ఆపాక నూనె మట్టాన్నీ చూడాలి.

ఫిల్టరుకు హద్దులున్నవి. అది ఘనరేణువులనే ఆపగలదు. నూనెలో కలిసిన పెట్రోలునూ, ఆమ్లాలనూ ఆపలేదు. నూనె మార్పు తప్పదు. ఇసుక ముఖ్యంగా గాలితో వస్తుంది కనుక, గాలి ఫిల్టరు శుభ్రంగా లేని కారుకు ఎంత మంచి నూనె ఫిల్టరు పెట్టినా సగం పనే అవుతుంది. గడప దాటిన దొంగను పట్టుకొనడం కంటే తలుపు వేసుకొనడం సులభం కదా! చింతగింజల లెక్కను తరగతిలో విద్యార్థుల చేత చేయించి, పదోవంతుకు బదులు అయిదోవంతు తీస్తే ఏమవుతుందో వారినే కనుగొనమనవచ్చు.